దిబ్బ మీద కాపురం పెట్టిన లెక్కల మేడమ్

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. చదివేవాళ్ళ ముక్కులకు మా పొగ తగలదు, మా పొగ తగిలేవాళ్ళకు చదివే తీరిక లేదు. ఇక రాసి ఏం లాభం? మేడమ్ నెల్లూరు ఆసుపత్రిలో పోయారన్న కబురు ఎండుచేపల అక్క తెచ్చింది. పొద్దున్నే మా వాకిట్లో నిలబడి, నెత్తిమీద బుట్ట దించకుండానే, "అన్నా, మేడమ్ తెల్లారుజామున పొయ్యిందంట. పాస్టరయ్య ఫోను చేసినాడు" అంది. ఆమె బుట్ట దించలేదు, నేను కూర్చోమనలేదు. ఇద్దరం కాసేపు రోడ్డు మీద పోయే ట్యాంకరు లారీలను చూస్తూ ఉండిపోయాం. తర్వాత ఆమె అమ్మకానికి వెళ్ళింది. నేను లోపలికి వచ్చి టీ పెట్టుకున్నాను. నా వరకు అంతటితో అయిపోయేదే.

సాయంత్రానికి పోర్టు రోడ్డు మలుపులో ఫ్లెక్సీ లేచింది. మేడమ్ ఫోటో, చుట్టూ గులాబీలు, కింద 'పర్యావరణ హితైషికి కన్నీటి నివాళి' అన్న మాటలు, అడుగున నాలుగు నూనె ఫ్యాక్టరీల గుర్తులు వరసగా. ఆ ఫోటోలో ఆమె తొడుక్కున్న జాకెట్టు నేను కుట్టిందే. మెడ దగ్గర కాస్త బిగువైతే విప్పి సరిచేస్తానన్నాను, "నా మెడకు పట్టిన వాటిల్లో ఇదే వదులుగా ఉండాది, పోనీలే అన్నా" అని తీసుకుపోయారు. ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి రెండుసార్లు చదివి, ఇంటికొచ్చి కళ్ళజోడు వెతుక్కున్నాను. ఆమె గురించి వాళ్ళు రాసిందొక్కటే మిగిలిపోతే బాగుండదు.

నేను బడికి పోయింది అయిదో తరగతి వరకు. మిగతా చదువంతా గుడ్డల పొట్లాలకు చుట్టి వచ్చిన పాత పేపర్లలో. అందుకని నాకు తెలిసిన కథల్లో సగానికి మొదలు ఉండదు, వార్తల్లో సగానికి చివర ఉండదు. మధ్యలో ఎక్కడికైనా జారిపోతే మీరే పట్టి లాగండి.

రిఫైనరీలు వస్తున్నాయంటే మా జాలర్ల పాలెంలో మొదట పెట్రోలు అనుకున్నాం. పడవల ఇంజన్లకు డీజిలు చవగ్గా దొరుకుతుందని కొందరు డబ్బాలు కూడా కడిగి పెట్టుకున్నారు. తీరా చూస్తే వంటనూనె. ఓడల్లో దిగిన పామాయిలును ఇక్కడ శుద్ధి చేసి దేశం మీదికి పంపుతారు. నూనెకు రంగూ వాసనా పోగొట్టాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్లు, బాయిలర్లకు బొగ్గూ ఊకా. మీ ఇంట్లో తాలింపు చిటపటలాడేది ఆ నూనెలోనే కావచ్చు. హాయిగా తినండి, తప్పు లేదు. దాన్ని శుద్ధి చేసినప్పుడు శుద్ధి కానిది ఎక్కడికి పోయిందో మాత్రం నేను చెబుతాను.

మేడమ్‌ది కోవూరు వైపు. నెల్లూరులో కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పి, రిటైరై, సముద్రపు గాలి ఒంటికి మంచిదని డాక్టరు చెబితే మా ఊరి చర్చి పక్కన ఇల్లు అద్దెకు తీసుకున్నారు. అప్పటికి గాలి మంచిదే. డాక్టరును ఏమీ అనడానికి లేదు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగిన ఆడవాళ్ళతో, "లెక్క వేసినాను, కుదరలా" అనేవారు. షుగరు మనిషి. టీలో చక్కెర వద్దని గట్టిగా చెప్పి, చేతిరుమాల్లో మలైకాజా ముక్క చుట్టి తెచ్చుకునేవారు. నేను చూశానని తెలిస్తే నాకు సగం పెట్టేవారు.

మా పరిచయం జాకెట్టు గుడ్డతో మొదలైంది. గుడ్డ ఇచ్చి వెళ్ళిపోయే రకం కాదు. స్టూలు మీద కూర్చుని కత్తిరించేదంతా చూసేవారు.

"చేతులు ఎందుకు అడ్డంగా తిప్పినావన్నా?"

"తిప్పకపోతే పట్టీలకు గుడ్డ చాలదు మేడమ్."

"వీపు ఎందుకు ముందు పరిచినావు?"

"పెద్దది ముందు పరిస్తే చిన్నవి సందుల్లో ఇముడుతాయి."

ఆమె నవ్వారు. "నా ఉద్యోగమంతా పిల్లకాయలకు ఇదే జెప్పినాను. ఉన్న గుడ్డలో, ఉన్న కట్టుబాట్లలో, అన్నిటికన్నా తక్కువ నష్టం ఎట్టా అని. దాన్ని ఆప్టిమైజేషన్ అంటారు. పెట్రోలు శుద్ధి చేసే చోట్ల ఈ లెక్కలు శానా కాలంగా వాడతా ఉండారు, ఏ నూనె ఎంత కలిపితే ఎంత మిగులుతాదని." పట్టీ ముక్క చేతిలోకి తీసుకుని, "దీంట్లో ఒకటే మోసం ఉండాది. పట్టీలు కావాలని నువ్వు జెప్పలేదనుకో, పట్టీలు లేకుండానే బ్రహ్మాండంగా సరిపొయ్యిందని చూపిస్తాది. దానికి సిగ్గుండదు" అన్నారు.

ఇక పొగ సంగతి. నాలుగు ఫ్యాక్టరీలు ఒకదాని పక్కన ఒకటి లేచాక, ఊళ్ళో ఆరేసిన పంచెలు సాయంత్రానికి బూడిదరంగు తిరిగేవి. నా కొట్లో తెల్లగుడ్డ బయట పెట్టడం మానేశాను. పిల్లలకు దగ్గు, ముసలాళ్ళకు ఆయాసం. ఫ్యాక్టరీల గేటు ముందు బైఠాయించాం. ఆఫీసర్లు వచ్చి మిషన్లు పెట్టి, ఏ పొగగొట్టానికి ఆ పొగగొట్టం హద్దులోనే ఉందని చెప్పి పోయారు. అది నిజమే. మేడమ్ అప్పుడన్న మాట ఊరంతా చెప్పుకుంది: "గొట్టాలు నాలుగైనా, పీల్చే ముక్కు ఒకటే గదయ్యా."

వాటిలో పెద్ద ఫ్యాక్టరీలో పర్యావరణం చూసే ఆఫీసరు మేడమ్ దగ్గర చదువుకున్నవాడే. శిష్యుడు ఒకరోజు వచ్చి కాళ్ళకు దండం పెట్టి, "మేడమ్, నాలుగింటికీ కలిపి ఒక ప్లాను వెయ్యండి. మీరు వేస్తే ఊరు నమ్ముతుంది" అన్నాడు. ఆమె ఒప్పుకున్నారు. డబ్బు తీసుకోలేదు. లాప్‌టాప్ తెరిచేముందు కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసేవారు. దేవుడికి కూడా లెక్కలు వచ్చునా అని అడిగితే, "ఆయన తప్పు చేస్తే దిద్దేవాళ్ళు లేరు, నాకుండారు. అందుకే ప్రార్థన" అన్నారు.

ప్లాను అంటే ఇదీ. ఏ ఫ్యాక్టరీ బాయిలరును ఏ వేళకు ఎంత మండించాలి, ఎవరు మంచి బొగ్గు వాడాలి, బాయిలరు లోపలి గొట్టాలకు పట్టిన మసిని ఎప్పుడు ఊది వదిలించాలి. ఆ మసి వదిలించే వేళలోనే అసలు నలుపంతా బయటికొస్తుంది. ఇవన్నీ తిప్పి తిప్పి చూసి, ఊళ్ళో గాలి హద్దు దాటకుండా, నలుగురికీ కలిపి ఖర్చు అన్నిటికన్నా తక్కువయ్యే దారి వెతకాలి. ఊళ్ళో గాలి అంటే ఊళ్ళో ఎక్కడ? అందుకని కొన్ని చోట్లు గుర్తు పెట్టుకోవాలి, ఆ చోట్లలో హద్దు దాటకూడదు. ఆ చోట్లు ఏవో ఊరే చెప్పాలని మేడమ్ పట్టుబట్టారు.

మీటింగు పొద్దున పెట్టారు. పాలెంలో పెద్దకాపు అంటే కులం పేరు కాదు, ఊరి కట్టుబాట్లు చూసే పెద్ద. ఆయనా మిగతా కాపులూ కలిసి ఒక మాట అనుకుంటే దాన్ని దురాయి అంటారు. ఇక ఎవరూ దాటకూడదు. పెద్దకాపు లేచి వేళ్ళు మడిచి చెప్పాడు: బడి, గుడి, చర్చి, నీళ్ళ ట్యాంకు, తూర్పున చివరి ఇల్లు.

"ఇంకెక్కడా మనుషులు ఉండరా?" అని మేడమ్ అడిగారు. నేనక్కడే ఉన్నాను, విన్నాను.

"ఉండరమ్మా. పొద్దు గూకితే దీపం పెట్టే చోటే ఊరు. దాన్ని దాటితే సముద్రందే."

ఆయన అబద్ధం చెప్పలేదు. మా వాళ్ళ లెక్క తరతరాలుగా అదే. చివరి ఇల్లు దాటాక వచ్చే ఇసుకదిబ్బ సముద్రానిది. అక్కడ పడవ నిలుపుకోవచ్చు, చేపలు ఎండేసుకోవచ్చు, ఇల్లు మాత్రం కట్టకూడదు. సముద్రం ఎప్పుడైనా వచ్చి తన చోటు తాను తీసుకుంటుంది. రాత్రి వలల్లో పడ్డ వేలెడంత నెత్తళ్ళ చేపలను ఆడవాళ్ళు ఆ దిబ్బ మీదే తెల్లవారకముందు నుంచీ పరిచి, తిరగేస్తూ, కాకులను తోలుతూ, మధ్యాహ్నం దాకా ఉంటారు. మీటింగు జరిగిన పూట కూడా అక్కడే ఉన్నారు. అందుకే దిబ్బ పేరు చెప్పేవాళ్ళు ఆ మీటింగులో లేరు. మేడమ్ ఒడ్డుకు నడకకు పోయేది సాయంత్రాలు, సాయంత్రం దిబ్బ ఖాళీ. అక్కడ ఇసుక తప్ప ఆమె కంట ఏమీ పడలేదు.

మిగతాది గాలి చేసింది. మా తీరంలో పగలు సముద్రం మీంచి పైరగాలి వస్తుంది, అది పొగను ఊరిమీదికి తోస్తుంది. తెల్లవారుజామునుంచి ఎండ ముదిరేదాకా గాలి భూమి మీంచి సముద్రం వైపు పోతుంది. లెక్క దాన్ని పట్టుకుంది. మసి వదిలించడం, నాసిరకం బొగ్గు కాల్చడం, బాయిలర్లను గట్టిగా మండించడం అంతా ఆ వేళకు జరిపింది. పొగ సముద్రం మీదికి పోతుంది, సముద్రం మీద గుర్తుపెట్టిన చోటు ఏదీ లేదు. ఖర్చు దాదాపు సున్నా. ఫ్యాక్టరీలు సంతోషంగా ఒప్పుకున్నాయి.

ఊళ్ళో పంచెలు తెల్లబడ్డాయి. నేను మళ్ళీ తెల్లగుడ్డ బయట వేలాడదీశాను. పెద్దకాపు మేడమ్‌కు శాలువా కప్పాడు. ఫ్యాక్టరీలకు ఎక్కడో ఏదో అవార్డు కూడా వచ్చిందన్నారు.

నెత్తళ్ళ సీజను మొదలయ్యాక ఒక మధ్యాహ్నం మేడమ్ నా కొట్లో స్టూలు మీద ఉన్నారు. ఎండుచేపల అక్క వచ్చి, ఒడిలోంచి గుప్పెడు నెత్తళ్ళు తీసి నా కటింగ్ బల్ల మీద పోసింది. చేపల మీద నల్లటి చుక్కలు, మిరియాలు చల్లినట్టు.

"తుడువు మేడమ్. తుడిస్తే పోతాదేమో చూడు."

మేడమ్ ఒకటి తీసి కొంగుతో తుడిచారు. చుక్క చెదిరి మరకైంది.

"ఇది యాడిది?"

"యాడిదేంది? మా దిబ్బ మీద పొద్దున పూట కురస్తా ఉండాది గదా. ఊళ్ళో పొగ తగ్గించినావంట, శాలువా కప్పినారంట. తగ్గించలా తల్లీ, మా నెత్తిన పోసినావు. కోవూరు సంతలో ఈ చేపలు ఎత్తి చూసి, ఏమే, బొగ్గుల్లో దొర్లించి తెచ్చినావా అంటాడు యాపారి. దగ్గి దగ్గి మా పిల్లకు పక్కటెముకలు నొస్తుండాయి. నీ లెక్కలో మేం లేమా?"

నేను మిషను ఆపాను. మేడమ్ ఆ చేపను బల్ల మీద పెట్టారు. తర్వాత అన్నారు, "లేరమ్మా. నేను పెట్టలా."

ఎవరి మీదికీ నెట్టలేదు. పెద్దకాపు చెప్పలేదనొచ్చు, అది నిజం కూడా. అనలేదు.

మర్నాడు తెల్లవారకముందే దిబ్బ మీదికి పోయారు. ఆ తర్వాత రోజూ పోయారు. ఆడవాళ్ళకని నా చేత మూతిగుడ్డలు కుట్టించారు. ఎవరూ కట్టుకోలేదు. "మూతికి గుడ్డ గట్టుకుంటే తిట్టుకునేదెట్టా మేడమ్?" అని ఒకామె అంటే అందరూ నవ్వారు. మేడమ్ కూడా నవ్వి, దగ్గారు.

దిబ్బను కూడా ఒక చోటుగా పెట్టి లెక్క మళ్ళీ వేశారు. ఈసారి జవాబు వేరు. పొగను జరపడానికి ఇక చోటు మిగల్లేదు, తగ్గించాల్సిందే. ఆ వేళల్లో నాసిరకం బొగ్గు మానాలి, రెండు ఫ్యాక్టరీలు పొగగొట్టాలకు ముందు సంచుల ఫిల్టర్లు పెట్టుకోవాలి. పొగ గుడ్డ సంచుల్లోంచి పోతే మసి లోపల ఆగిపోతుందట. "గుడ్డ సంచులేనా మేడమ్? నేను కుట్టిస్తా" అన్నాను. "ఆ గుడ్డ నీ మిషనుకు లొంగదన్నా. లొంగితే నీ దగ్గరే కుట్టించి నేనే పోయి తగిలించేదాన్ని" అన్నారు.

శిష్యుణ్ణి పిలిపించారు. నా కొట్లోనే మాట్లాడుకున్నారు, నేను కాజాలు కుడుతూ విన్నాను.

"మేడమ్, మీరు వేసిన ప్లానే గదా నడుస్తోంది."

"నేను వేసింది తప్పు."

"తప్పు లేదు మేడమ్. ఆఫీసులో ఆమోదించారు."

"ఆఫీసు ఆమోదిస్తే తప్పు ఒప్పయిపోతాదా అబ్బయ్యా? ఇదేనా నేను నీకు జెప్పిన చదువు?"

అతను తల దించుకున్నాడు. చెడ్డవాడు కాదు, అది కూడా రాయాలి. "గుర్తుపెట్టిన పాయింట్లు ఊరి పెద్దలు ఒప్పుకున్నవి మేడమ్. కొత్త పాయింటు పెట్టాలంటే వాళ్ళే చెప్పాలి. లేదా అక్కడ నివాసం ఉండాలి, ఇంటి నంబరుతో. నా చేతుల్లో లేదు."

మేడమ్ పెద్దకాపు ఇంటికి పోయారు. నన్నూ తీసుకుపోయారు. ఆయన మంచం వాల్చి కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, అంతా విన్నాడు.

"దురాయి అయిపొయ్యింది గదమ్మా."

"తిరగేయండి. మీ ఆడోళ్ళే గదా ఆ దిబ్బ మీద ఉండేది."

"దిబ్బకు పోకపోతే పొగ యాడికి పోతాది? మళ్ళా మా ఇండ్ల మీదికే గదా వచ్చేది?"

"రాదు పెద్దాయనా. జరపమనడంలా, తగ్గించమంటుండా."

"వాళ్ళు తగ్గిస్తారా?"

పెద్దకాపు మజ్జిగ గ్లాసు వైపు చూపించి, "తాగమ్మా, ఎండన పడి వచ్చినావు" అన్నాడు. ఆయన ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోవాలని ఎంత ప్రయత్నించినా నిలవదు. ఆయన భార్య కూడా పొద్దున్నే దిబ్బ మీదికి పోయే మనిషే.

దారిలో మేడమ్ ఆగి, "నివాసం ఉంటే పాయింటు అవుతాదన్నాడు గదన్నా వాడు" అన్నారు. నాకు అర్థం కావడానికి ఇంకో రెండు వీధులు పట్టింది.

ఎండుచేపల అక్క తాటాకులు తెచ్చింది. దిబ్బ మీద ఇల్లు లేవకూడదని కాపులు గొణిగారు గానీ, మేడమ్ పాలెం మనిషి కాదు, వాళ్ళ కట్టుబాటు ఆమెకు వర్తించదు. చదువుకున్న పెద్దావిడను చెయ్యి పట్టుకుని ఈడ్చేదెవరు? గుడిసె వేసుకుని, మంచం, స్టవ్వు, బైబిలు, లాప్‌టాప్ తీసుకుపోయి కాపురం పెట్టారు. పొద్దు గూకితే దీపం కూడా పెట్టారు, పెద్దకాపుకు కనిపించేలా. ఆ దీపం గురించి చెప్పినప్పుడు మాత్రం కొంటెపిల్లలా నవ్వారు. పంచాయతీలో ఇంటి నంబరుకు అర్జీ పెట్టారు. అది తీరం భూమి, నంబరు ఇవ్వడం కుదరదని ఒకసారి, విచారణకు మనిషిని పంపుతామని ఒకసారి చెప్పారు. ఆమె వారం వారం పోయి అడిగేవారు. అక్కడి గుమాస్తా, "ఇంత చదువుకున్నారు, ఊళ్ళో ఇల్లుండగా ఇసుకలో ఎందుకు మేడమ్?" అంటే, "గాలి మంచిదని డాక్టరు జెప్పినాడయ్యా" అన్నారు.

నేను వెళ్ళి చూసేవాణ్ణి. చెప్పులు చేత పట్టుకుని ఆ ఇసుకలో నడవడానికి నా మోకాళ్ళు ఒప్పుకునేవి కావు. ఊరికి వచ్చెయ్యమని బతిమాలాను.

"నేను తప్పు పెట్టిన లెక్క అన్నా. దాన్ని దిద్దడానికి ఇంకో దారి ఉంటే జెప్పు, ఇప్పుడే మంచం ఎత్తేస్తా."

లేదు. నేను అక్క ఇచ్చిన టీ తాగి వచ్చేశాను.

మేడమ్ పొగ వల్ల పోయారని రాస్తే ఈ వ్యాసానికి బలం వస్తుంది. ఆమె ఉంటే ఆ వాక్యం కొట్టించేవారు. షుగరు పాతది, కిడ్నీలు ముందే దెబ్బతిన్నాయి. దిబ్బ మీద ఆ దగ్గు ఆ ఒంటికి మేలు చేసి ఉండదు, అంతవరకే నాకు తెలిసింది. సీజను ముగిసేలోగా ఆమె కాళ్ళు వాచిపోతే, పాస్టరయ్య కారులో నెల్లూరు తీసుకుపోయాడు. కారెక్కుతూ, ఎవరైనా విచారణకు వస్తే ఫోను చెయ్యమని అక్కకు చెప్పారు. గుడిసెకు తాళం వెయ్యలేదు, తాళం వేస్తే ఖాళీ అనుకుంటారని.

పిల్లలు లేని మనిషి. చిన్న శవపెట్టె వెనక మేము కొద్దిమందిమి, చేపల వాసన వదలని చీరల్లో దిబ్బ ఆడవాళ్ళు. పెద్దకాపు వచ్చాడు. శిష్యుడు కూడా వచ్చి, చివర నిలబడి వెళ్ళిపోయాడు. ఫ్యాక్టరీల తరఫున పెద్ద పూలచక్రం వచ్చింది. మంచి పూలు.

ఆమె దగ్గర నేను నేర్చుకున్నది లెక్కలు కాదు, ఆ తెలివి నాకు లేదు. నీ పని తప్పని ఎవరైనా గుప్పెట్లో పెట్టి చూపిస్తే, "నేను పెట్టలా" అని ఒక్క ముక్కలో ఒప్పుకోవడం. అది కూడా నేర్చుకున్నానని గట్టిగా చెప్పలేను. చూశాను, అంతే. ఈ వయసులో చూడటానికి దొరకడమే గొప్ప.

ఆమెను మట్టి చేసిన తర్వాతి వారం పంచాయతీ నుంచి విచారణకు మనిషి వచ్చాడు. నేనప్పుడు దిబ్బ మీదే ఉన్నాను, ఆమె సామాను చర్చికి చేర్పించడానికి. పొద్దున పూట. గాలి సముద్రం వైపు పోతోంది. ఆడవాళ్ళు మసి పడకుండా నెత్తళ్ళ మీద చీరలు కప్పుతున్నారు. అతను ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని గుడిసెలోకి తొంగిచూశాడు.

"ఇక్కడ ఎవరన్నా ఉంటారామ్మా?" అని అక్కను అడిగాడు.

"మేముండాం గదయ్యా ఇంతమందిమి."

"మీరు కాదమ్మా. నివాసం ఉండేవాళ్ళు."

అక్క గుడిసె వైపు చూసింది, నా వైపు చూసింది. అతను ఖాళీ మంచాన్ని సెల్లులో ఫోటో తీసుకున్నాడు. ఎవరూ లేరని రాసుకుని, మంచినీళ్ళు అడిగి తాగి, మోటారుసైకిలు ఊళ్ళోనే ఉంచినట్టున్నాడు, ఇసుకలో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.